దేముడి వట్టివేళ్ళు, నూకయ్య కుండలు

నూకయ్యకి కుళ్ళు పుట్టుకతో వచ్చిందని ఖరగ్‌పూర్ పూరీ గేట్ దగ్గర ఎవరినడిగినా చెబుతారు. అది శుద్ధ అబద్ధం. యాభై ఏళ్ళు దాటేదాకా ఆయనకి ఇంకొకరిని చూసి ఏడవాల్సిన అవసరమే రాలేదు. ఖరగ్‌పూర్ మొత్తం మీద వట్టివేళ్ళ తడిక అల్లాలంటే నూకయ్యే అల్లాలి. సాటివాడు ఉంటే కదా ఏడవడానికి.

తండ్రి నెల్లిమర్ల పక్క పల్లె నుంచి రైల్వే పనికి వచ్చినవాడు. కొడుక్కి ఖలాసీ ఉద్యోగం వేయించి, దాంతోపాటు తన చేతి విద్య కూడా ఇచ్చిపోయాడు. ఎండలు ముదిరేసరికి పెద్ద ఆఫీసర్ల బంగళాల తలుపులకీ కిటికీలకీ వెదురు చట్రాలు కట్టి, వాటినిండా వట్టివేళ్ళు బిగించి, పొద్దస్తమానం నీళ్ళు చల్లుతూ ఉండాలి. లోపల దొరగారు చల్లగా ఫైళ్ళు చూసుకునేవారు. బయట నూకయ్య ఒళ్ళంతా చెమటతో నిలబడి, తన తడికలోంచి లోపలికి పోయే గాలి వాసన తలుచుకుని మురిసిపోయేవాడు. ఏ బంగళాలో ఏ తడిక తనదో వాసన చూసి చెప్పేసేవాడని అంటారు. అన్నీ ఒకే చెయ్యి అల్లినవైతే అందులో చెప్పడానికేముందని నేనంటాను గానీ, ఆ మాట ఆయన ముందు ఎవరూ అనలేదు.

ఎనభైల్లో కూలర్లు దిగాయి. ఒక్కో వేసవికి ఒక్కో బంగళా కిటికీలోంచి తడిక ఊడడం, ఆ కంతలో రేకుడబ్బా దూరడం. నూకయ్య బంగళా గేటు బయట నిలబడి ఆ డబ్బాని చూస్తూ, "పందిలాగ గుర్రుమంటాది. దీనికి వాసనేటి, రంగేటి" అని గొణుక్కునేవాడు. ఆయన జీవితంలో మొదటి అసూయ మనిషి మీద కాదు, కూలర్ మీద. ఆ డబ్బాలు మాత్రం ఆయన్ని పట్టించుకోలేదు. ఎనభై తొమ్మిది వేసవిలో ఒక్క బంగళా నుంచి కూడా పిలుపు రాలేదు.

మరి రిటైరయ్యాక చేతికున్న విద్య ఊరుకోనిస్తుందా? పూరీ గేట్ దగ్గర చలిపందిరి పెట్టాడు. నాలుగు వెదుళ్ళు, పైన పాత టార్పాలిన్, కింద ఇసక పరిచి దానిమీద పెద్ద మట్టికుండలు. కుండకి ఒకటి చొప్పున పల్చటి గుడ్డలో వట్టివేళ్ళు మూటకట్టి నీళ్ళలో వదిలేవాడు. మన వైపు వేసవిలో ఇంటింటా చేసేదే. కానీ ఇక్కడ రిక్షావాళ్ళు, పక్క పేట ఇందా నుంచి వచ్చే బెంగాలీ బాబులు, ఒడియా కూలీలు, అందరూ ఆగి తాగి "నూకయ్య దాదా, క్యా పానీ హై" అని మెచ్చుకుని పోయేవారు. రిటైరైన గార్డు జ్ఞానప్రకాశం గారైతే రోజూ మధ్యాహ్నం గొడుగేసుకుని మరీ వచ్చి, రెండు గ్లాసులు తాగి, బెంచీ మీద కునుకు తీసి వెళ్ళేవారు. ఆ వేసవి నుంచి నూకయ్య మళ్ళీ మనిషయ్యాడు. వట్టివేరంటే నూకయ్య, నూకయ్య అంటే వట్టివేరు. ఆ పేరు ఒక్కటీ ఉంటే ఆయనకి చాలు, రిటైరైనా దిగులు లేదు.

ఇక దేముడి సంగతి చెప్పాలి. దేముడు నూకయ్య భార్య జోగమ్మకి తమ్ముడు. నిమ్‌పురాలో అక్కాబావల ఇంటి పక్కనే కాపురం. మెత్తటి మనిషి. ఒకడు తిడితే తిట్టినవాడికి దాహమేస్తోందేమో అని చూసే రకం. రైల్వే యార్డు అవతల పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించే ప్రైవేటు కార్ఖానా ఒకటుండేది. అందులో కూలీ. యజమాని ఎవరో, ఏ ఊరివాడో, ఒకరోజు తెల్లవారేసరికి తాళం వేసి చక్కాపోయాడు. కార్ఖానా మూతపడింది గానీ అది వదిలిన మురుగు ఎక్కడికీ పోలేదు. ఆ మురుగు పారిన కాలవ పక్క నేల నల్లగా మాడి, గడ్డి మొలవకుండా పడి ఉండేది. అక్కడ మేసిన బాతులు చచ్చాయి. కాలవ గట్టు మీద గుడిసెలో ఉంటూ పూరీ గేట్‌లో ఎండుచేపలు అమ్ముకునే చిట్టెమ్మకి ఆరేళ్ళ కొడుకు, లూకా. వాడికి పొద్దస్తమానం కడుపునొప్పి. నేర్చుకున్న అక్షరాలు కూడా మరిచిపోతున్నాడు. సీసం ఒంట్లో చేరితే అంతేనని ఆసుపత్రిలో చెప్పారు.

అలా ఉండగా కలకత్తా నుంచి ఒక చదువుకున్న దీదీ వచ్చింది. ఆ నేలని బాగుచెయ్యడానికి గడ్డి నాటతానంది. ఎక్కడినుంచో తెచ్చే మొక్కలు కాదు, ఈ దేశపు గడ్డే. తడి ఉన్నచోట జమ్ము, గట్టు పొడుగునా వట్టివేరు. ఇక్కడ ఈ గడ్డి బాగా తెలిసినవాళ్ళెవరని అడిగితే ఊరంతా వేలెత్తి నూకయ్యని చూపించింది. దీదీ చలిపందిరి దాకా వచ్చి, దండం పెట్టి, వచ్చీరాని హిందీలో మొదలుపెట్టింది. పక్కనే దేముడు కూర్చుని నీళ్ళు తాగుతున్నాడు.

వట్టివేరుని మురిక్కాలవ పక్కన నాటాలన్న మాట చెవిన పడగానే నూకయ్యకి ఒళ్ళు మండింది.

"దీదీ, ఏటంటన్నావు? అది దేవుడి అభిషేకం నీళ్ళల్లో ఏసేది. దొరల ఇళ్ళకి కట్టినాను నాను. తీసుకెళ్ళి పెంటలో పాతమంటావా?"

దీదీ ఇంకా ఏదో చెప్పబోయింది. వేరు మట్టిలోంచి ఏదో తీసుకుంటుందని, తనలోనే ఉంచుకుంటుందని. నూకయ్య చెయ్యి అడ్డంపెట్టి, "నహీ చాహియే" అనేసి కుండలు తుడుచుకోవడం మొదలుపెట్టాడు. బతిమాలితే ఒప్పుకుందామని మనసులో ఉంది, నిజం చెప్పాలంటే. రెండోసారి అడుగుతుందని చూశాడు. దీదీ అడగలేదు. ఆమె వెనకాలే దేముడు లేచి, గ్లాసు కడిగి బోర్లించి, "నానొస్తాను దీదీ. మా బావ తడికలు కడుతుంటే ఏళ్ళు అందించినోణ్ణే" అన్నాడు. అంతే, కథ అక్కడే చెడింది.

మొదటి వానల్లో పిలకలు నాటారు. రెండు వానాకాలాలు గడిచేసరికి మాడిన నేల మీద మనిషి ఎత్తు పచ్చటి గోడ లేచింది. దేముడికి దీదీ రబ్బరు బూట్లిచ్చింది, చేతులకి తొడుగులిచ్చింది, నెత్తికి టోపీ ఇచ్చింది. బెంగాలీ పేపర్లో ఫోటో పడింది. టోపీ పెట్టుకుని, గడ్డి మధ్య నిలబడి, పళ్ళికిలించుకుని దేముడు. జోగమ్మ ఆ ముక్క కత్తిరించి దేవుడి పటం పక్కన అంటించింది. పొద్దున్నే దండం పెట్టుకోవడానికి వెళ్తే నూకయ్యకి దేవుడికంటే ముందు దేముడు కనపడేవాడు.

ఆ ఫోటో చూస్తే నూకయ్యకి అన్నం దిగేది కాదు. బూట్లు టకటకలాడించుకుంటూ బావమరిది గుమ్మం ముందు నుంచి వెళ్తే లోపల ఈయన కంచం అవతలికి తోసేవాడు. నలభై ఏళ్ళు వేళ్ళు కట్టినవాడు తను. పేపర్లో పడ్డది, ఆ వేళ్ళు అందించినవాడు. దానికి తోడు దేముడికి గర్వమైనా లేదు, గర్వపడి నాలుగు మాటలు తూలితే తిట్టుకోవడానికైనా వీలుండేది. దారిన పోయేవాళ్ళు మెచ్చుకుంటే సిగ్గుపడిపోయి తల దించుకునేవాడు. అది చూస్తే నూకయ్యకి గోరుచుట్టు మీద రోకటిపోటు.

"అత్త తిట్టినందుక్కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్సిందంట. నీ ఏడుపు అలగుంది" అంది జోగమ్మ ఒకసారి.

"నానేటి ఏడుస్తన్నాను? ఆ గడ్డికి వాసన నేదు. పెంట తిని బలిసింది."

దేముడు చాలాసార్లు దీదీ చెప్పిందంతా బావకి చెప్పాలని చూశాడు. గట్టు మీద బెంగాలీలో, ఇంగ్లీషులో బోర్డు కూడా పెట్టారు. నూకయ్యకి ఆ రెండూ చదవడం రాదు. "బావా, ఈ ఏళ్ళు ఉత్త ఏళ్ళు కావు, వీటిలోన..." అని దేముడు మొదలుపెడితే చాలు, "వట్టివేరు గురించి నాకు సెప్తావేట్రా?" అని లేచిపోయేవాడు. ఒక్కసారి పూర్తిగా విని ఉంటే ఆయన గురించి ఇంత చెప్పుకోవాల్సిన పని ఉండేది కాదు. కుళ్ళు ముందు చెవుల్లోనే దూరుతుంది, కళ్ళలోకి తరవాత వస్తుంది.

తొంభై ఏడు ఎండలు. గోల్ బజార్‌లో వేళ్ళు అమ్మే ముసలాయన ఆ ఏడు రాలేదు. పోయాడో, ఊరెళ్ళాడో తెలీదు. నూకయ్య వేళ్ళు తవ్వుకుందామని కంసాయి ఏటి ఒడ్డుకి బస్సెక్కి వెళ్ళాడు, ఒడ్డు దిగడానికి మోకాళ్ళు సహకరించక ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. చలిపందిరి వేశాడు గానీ కుండల్లో ఉత్త కుళాయి నీళ్ళే. ఒకరోజు ఒకడు గ్లాసు సగంలో దించేశాడు. ఇంకో రోజు ఇంకొకడు "దాదా, ఇస్ సాల్ ఓ బాత్ నహీ" అన్నాడు, ఈ ఏడు ఆ రుచి లేదని. జ్ఞానప్రకాశం గారు తాగి, మూతి తుడుచుకుని, తన పద్ధతిలో మెల్లగా అన్నారు:

"వేళ్ళు దొరక్కపోతే దేముణ్ణి అడక్కపోయావా నూకయ్యా? గట్టు నిండా అదే కదా."

దేముణ్ణి అడగడమా? దానికంటే చలిపందిరి తగలెట్టుకోవడం నయం. ఆ మాట నూకయ్య గుండెల్లో ముల్లులా దిగి కదిలింది. మర్నాడు మిట్టమధ్యాహ్నం, దేముడు అన్నానికి ఇంటికెళ్ళిన వేళ, వడగాలికి ఒక్క ప్రాణి బయట లేని వేళ, నూకయ్య గునపం పట్టుకుని గట్టు మీదికి వెళ్ళాడు. అలవాటైన చెయ్యి. బయటికి కనపడకుండా లోపలి వరసలో మూడు దుబ్బులు లేపి, ఆకు కోసేసి, వేళ్ళు సంచిలో దూర్చి, మట్టి పూడ్చేశాడు. ఇంటి వెనక నాలుగు నీళ్ళు మార్చి కడిగాడు. ఎండబెట్టాడు. ముక్కు దగ్గర పెట్టుకుంటే, ఒప్పుకోవడం ఇష్టం లేదు గానీ, వాసన బ్రహ్మాండంగా ఉంది.

ఆ నాలుగైదు రోజులూ నూకయ్య ఉన్నంత సంతోషంగా ఖరగ్‌పూర్‌లో ఎవడూ లేడు. కుండలన్నిటిలో మూటలు వేశాడు. వేళ్ళెక్కడివని అడిగితే కంసాయి ఒడ్డున దొరికాయన్నాడు. జనం మళ్ళీ ఆగారు. "క్యా పానీ హై" మళ్ళీ వినపడింది. చిట్టెమ్మ రోజూ సాయంత్రం ఎండుచేపల బుట్ట కిందపెట్టి, డబ్బా నింపుకుని పోయేది. "మా లూకాకి ఈ నీళ్ళయితేనే దిగుతాయి మావా, కుళాయి నీళ్ళు కక్కేస్తాడు" అనేది. తాగినవాడల్లా మెచ్చుకుంటుంటే నూకయ్యకి లోపల ఒకటే పులకరింత. రెండేళ్ళు బూట్లేసుకుని దేముడు పెంచాడు, పేరు తనకొచ్చింది. చెప్పుకోడానికి లేదన్నదొక్కటే లోటు.

అయిదో రోజో, ఆరో రోజో, ఎండ వాలే వేళకి దేముడు వచ్చాడు. టోపీ లేదు. మొహం పీక్కుపోయి ఉంది. బెంచీ మీద జ్ఞానప్రకాశం గారి పక్కన కూలబడి, "బావా, గ్లాసుడు నీళ్ళియ్యి" అన్నాడు. నూకయ్య తేలు కుట్టిన దొంగలా గ్లాసు ముంచి ఇచ్చాడు. వెనకాల చిట్టెమ్మ డబ్బా నింపుకుంటోంది.

"ఎవడో గట్టు తవ్వేసినాడు బావా. మూడు దుబ్బులు. రేపు దీదీ ఒస్తాది. ఒక్క ఏరు పోకూడదని నా సేతిలో సెయ్యేసి మరీ సెప్పింది. నన్ను తీసెయ్యడం కాయం."

నూకయ్య గుండె ఎగిరి గంతేసింది. ఇందులో దాచడానికేమీ లేదు, అలాగే జరిగింది. బూట్లు పోతాయి, టోపీ పోతుంది, పటం పక్కన ఫోటో పసుపురంగు తిరిగి రాలిపోతుంది. పైకి మాత్రం, "పోతే పోనీరా, మూడు దుబ్బులకేటి" అన్నాడు.

"పని పోతే పోయింది బావా. నా బెంగ అది కాదు." దేముడు గ్లాసు ఇంకా నోటిదాకా ఎత్తలేదు. "ఆ నేలలో ఉన్న సీసం అంతా పీల్సి ఏరులోనే దాసుకుంటాది ఆ గడ్డి. అందుకే నాటింది దీదీ. తవ్వితే డ్రమ్ముల్లో పెట్టి సీలేసి పట్టుకుపోతారు, పశువుని కూడా తగలనివ్వరు. ఎవడు తీసినాడో ఆడికి తెల్దు. మనోడే అయితే ఎండాకాలం కదా, నీళ్ళకుండలో ఏస్తాడు. పిల్లలున్న ఇల్లయితే ఏటవుద్దో నాను సూసినాను కదా." అని చిట్టెమ్మ వైపు ఒకసారి చూసి, తల తిప్పుకుని, గ్లాసు ఎత్తాడు.

నూకయ్య చెయ్యి వెళ్ళి ఆ గ్లాసుని కొట్టింది. గ్లాసు రోడ్డు మీద పడింది. అందరూ బిత్తరపోయి చూస్తుండగా కుండల వరసలోకి దిగి, కాలితో ఒక్కొక్కటీ తన్నాడు. ఇసక మీద నీళ్ళు, పెంకులు, నానిన మూటలు. చిట్టెమ్మ చేతిలో డబ్బా లాక్కుని వంపేశాడు.

ముందుగా తేరుకున్నది జ్ఞానప్రకాశం గారు. "అంత కుళ్ళు పనికిరాదు నూకయ్యా. వాడి పని పోతోందని వాడేడుస్తుంటే, గుక్కెడు నీళ్ళు తాగితే ఓర్చలేకపోయావా?" అన్నారు. రిక్షావాళ్ళు మూగారు. అందరిదీ అదే మాట. దేముడైతే తడిసిన చొక్కాతో నిలబడి, "నా మీద ఇంత ఉందని తెల్దు బావా. తెలిస్తే అడక్కపోదును" అన్నాడు.

ఇక్కడ ఒక్క సంగతి గమనించాలి. దేముడి ఫోటో పేపర్లో పడ్డాక నూకయ్య కుళ్ళు లేకుండా చేసిన పని ఇదొక్కటే, దానికే ఊరు ఆయన్ని కుళ్ళుబోతన్నది. ఆయనకి కోపం రాలేదు. పైగా హాయిగా తోచింది. కుళ్ళుబోతు అన్న పేరుతో బతకొచ్చు, జనం నాలుగు రోజులు తిట్టి మరిచిపోతారు. దొంగ అన్న పేరుతో, నీళ్ళలో విషం కలిపినవాడన్న పేరుతో ఎలా బతుకుతాడు? కుండలు పోయాయి, వేళ్ళు మట్టిలో కలిసిపోతాయి. నోరు మూసుకుంటే సరిపోతుంది. మూసుకున్నాడు కూడా.

చిట్టెమ్మ బుట్ట నెత్తికెత్తుకుంది. "పోన్లే మావా, నీ నీళ్ళు నీ దగ్గరే ఉంచుకో. నిన్నటివి బిందెడున్నాయి ఇంట్లో, నా కొడుక్కి రేపటిదాకా సరిపోతాయి" అనేసి నడక మొదలుపెట్టింది.

నాలుగడుగులు వేసిందో లేదో నూకయ్య నోరు తెరిచాడు.

"సిట్టెమ్మా, ఆగు. ఆ నీళ్ళు పారబొయ్. బిందె కూడా పారెయ్." రెండడుగులు ఆమె వెనకాల వేసి మళ్ళీ చెప్పాడు. "ఆ మూడు దుబ్బులూ తవ్వింది నాను. ఈ కుండల్లో ఏసినయ్యి అయ్యే."

నూకయ్య దేముడి వైపు చూశాడు. కొడతాడనుకున్నాడు, కొడితే బాగుండుననుకున్నాడు. దేముడు అడిగింది ఒక్కటే: "ఎన్నాళ్ళయింది బావా?"

"నాలుగైదు రోజులు."

దేముడు ఇంక అక్కడ నిలవలేదు. "పద సిట్టెమ్మా" అని ఆమెతో కలిసి కాలవ గట్టు వైపు పరిగెత్తాడు.

రాత్రికి రాత్రే దేముడు కబురంపితే, మర్నాడు దీదీ వచ్చింది, డాక్టర్ని వెంటబెట్టుకుని. ఆ నీళ్ళు తాగినవాళ్ళందరికీ నెత్తురు తీసి పరీక్షకి పంపి, వారం తరవాత కాగితాలు పట్టుకుని మళ్ళీ వచ్చారు. తాగింది కొద్దిరోజులే కాబట్టి పెద్దవాళ్ళకి భయం లేదన్నారు. లూకాకి ఉన్న జబ్బు ఉంది, కొత్తగా ముదరలేదు, మందు మాత్రం ఇంకొన్నాళ్ళు ఎక్కువ వాడాలన్నారు. దేముణ్ణి తియ్యలేదు. తియ్యడం అటుంచి, వేళ్ళ సంగతి ఆ వేళకి నువ్వు చెప్పబట్టి ఇంతమంది బతికారని దీదీ అందరి ముందూ అంది.

ఆ మాట వినగానే జనమంతా దేముడి చుట్టూ చేరారు. జ్ఞానప్రకాశం గారు వాడి భుజం తట్టారు. చిట్టెమ్మ పిల్లాడి చెయ్యి వదిలి, వంగి దేముడి కాళ్ళు పట్టుకుంది. వాడు కంగారుపడిపోయి వెనక్కి జరిగాడు. నూకయ్య తన పరీక్ష కాగితం చేత్తో పట్టుకుని, అవతల రావిచెట్టు కింద ఒక్కడే నిలబడ్డాడు. ఒకరైనా వచ్చి తిడతారని చూశాడు. తిట్టడానికి కూడా ఎవరూ ఇటు తిరగలేదు.

ఇంటికొచ్చాక జోగమ్మ కంచం పెట్టింది. చారు పోసింది. ఆయన కలపలేదు.

"ఏటాలోసిస్తన్నావు? పిల్లోడికేటీ కాలేదు కదా. తిను."

"సిట్టెమ్మ ఆడి కాళ్ళు పట్టుకుంది. సూసినావా?"

"సూసినాను."

నూకయ్య కంచం అవతలికి జరిపాడు. తరవాత, ఇంకెవరితోనూ చెప్పుకోలేని మాట గనక, భార్యతో చెప్పాడు.

"అప్పుడు కూడా నా కడుపు మండిపోయింది జోగీ."

జోగమ్మ ఆయన ముందు కూర్చుని, చారన్నం తనే కలిపి, ముద్ద చేతికిచ్చింది.